కన్నీళ్లు నిజమేనా?

ఇంద్రేశంలో మా ఆదివారం ఆరాధనలో పాట మొదలైతే చాలు, నా కళ్లు తడుస్తాయి. "అదంతా ఎమోషనే, ముందు వాక్యం చదువు" అంటాడు అన్న. "కన్నీళ్లు రాని ప్రార్థన ఎందుకు బిడ్డా?" అంటది అమ్మ.

ఈ గొడవ పాతదే. అమెరికా పాస్టర్ జోనాథన్ ఎడ్వర్డ్స్ 1746లోనే దీనిపై పుస్తకం రాశాడు. ఏడుపొచ్చిందని భక్తి నిజమైపోదు, అబద్ధమూ అయిపోదు. బుద్ధికి వెలుగు, మనసుకు వేడి రెండూ కావాలి. పెద్ద రుజువు మాత్రం నడవడికే అన్నాడు.

మన మెదక్ చర్చినే చూడండి. 1924లో ప్రారంభమైంది. కరువులో జనానికి పని, తిండి ఇస్తూ పోస్నెట్ దొర కట్టించాడని చెప్పుకుంటారు. జాలి అక్కడ అన్నమైంది.

అందుకే నేను ఏడుపూ ఆపను, చదువూ ఆపను. సోమవారం పటాన్‌చెరు షిఫ్టులో, కొత్తగా వచ్చిన బిహార్ తమ్ముడికి విసుక్కోకుండా పని నేర్పిస్తే, ఆదివారం కన్నీళ్లు నిజమేనని నమ్ముతా.