నడిగడ్డవాడికి నది చూపిస్తారా?

జర్మనీలోని గోర్లిట్స్‌లో నాతో పనిచేసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఊరికి ఎవరొచ్చినా ముందు నైసే నది మీది వంతెనకు లాక్కెళ్తాడు. మొన్న చుట్టాలతో పాటు నన్నూ తోలుకుపోయాడు. "అవతల పోలండ్! ఇట్లాంటిది మీ దేశంలో ఉండదు కదా?" ఒళ్ళు మండింది.

మాది అలంపురం. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, మధ్యలో మా నడిగడ్డ. ఒకప్పుడు తుంగభద్రకు ఇవతల నిజాం, అవతల తెల్లదొరలు. 1953లో అవతలి కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయితే, మేం హైదరాబాద్ రాష్ట్రంలో రాయచూరు జిల్లా. 1956లో మహబూబ్‌నగర్‌లో కలిపి అంతా ఒకటేనన్నారు. 2014లో కాదు, రెండన్నారు. 1945లో పడ్డ ఒక్క గీతకే ఈయనకు ఇంత గొప్పా?

కాపాడుకోవడంలో మాత్రం వాళ్ళకు దండం పెట్టాలి. నాలుగు వేలకు పైగా పాత కట్టడాలను కంటికి రెప్పలా చూసుకుంటారు. యుద్ధం చివర్లో జర్మన్ సైన్యమే పేల్చేసిన ఈ వంతెనను 2004లో మళ్ళీ కట్టుకున్నారు. సరే, మా నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవి, గోర్లిట్స్ పుట్టకముందువి. ఆ మాటే చెప్పాను. "అవునా?" అని మళ్ళీ వంతెన దగ్గరికే వచ్చాడు.

అయితే పోలిక అక్కడితో సరి. వాళ్ళ తూర్పు ఒడ్డున ఉన్న జర్మన్లను వెళ్ళగొట్టారు. అక్కడ దిగిన పోలండ్ వాళ్ళలో ఎందరో తమ ఊళ్ళు పోగొట్టుకుని వచ్చినవాళ్ళే. మాకు అవతలి ఒడ్డున ఉన్నది మేనమామలు. మా పాత జిల్లా కేంద్రం మహబూబ్‌నగర్‌కు పోవాలంటే బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి వంద కిలోమీటర్ల పైమాట, కర్నూలు పాతికే. జ్వరమొచ్చినా, పెళ్ళి బట్టలకైనా కర్నూలే. పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకోవడం కన్నా గాజుల కొట్ల ముందే మా అవ్వకు ఎక్కువసేపు పట్టేది. రాష్ట్రం ఏదైనా ఆమె బస్సు మారలేదు.

2020లో కరోనాకు గోర్లిట్స్ వంతెన మీద కంచె వేశారు. 2021 మేలో మా వైపు సరిహద్దులోని పుల్లూరు దగ్గర కర్నూలు వైపు నుంచి వచ్చే అంబులెన్సులను ఆపేశారు. హైకోర్టు కల్పించుకోవాల్సి వచ్చింది. ఆ విషయంలో మాత్రం రెండు ఊళ్ళూ సమానమే.

ఆ పెద్దమనిషిని అలంపురం రమ్మని పిలిచాను. మీరూ అక్కడి జోగులాంబ అమ్మవారి దర్శనం కాగానే కర్నూలు బస్సెక్కేయకండి. నవబ్రహ్మ ఆలయాల్లోని స్వర్గబ్రహ్మ గుడి గోడల చుట్టూ ఒక్కసారి నిదానంగా తిరిగి రండి.