మేం మేమేనని రుజువేంది?

మా పేర్ల ముందు షేక్ ఉంటుంది. ఉర్దూలో రాస్తే మూడే అక్షరాలు. షీన్, యే, ఖే. ఆ చివరి ఖే గొంతును గీరుకుంటూ వస్తుంది. తెలుగులో దానికి అక్షరం లేదు. అందుకని షేక్ అయింది. ఇంగ్లీషులోకి పోయేసరికి ఒక గుమాస్తా నడుమ ఎ, ఐ రాశాడు. ఇంకొకతను ఇ, ఐ రాశాడు. మరొకతను చివర హెచ్ తగిలించాడు. బళ్ళో పంతులుగారు అంత ఓపికలేక ఎస్.కె. అని చుక్కలు పెట్టి వదిలేశారు. మహమ్మద్ ఎండీ అయినట్టే ఇదీను. మేం ఒక్కరమే. కాగితాల మీద నలుగురమయ్యాం.

నకరికల్లులో ఇన్నాళ్ళూ దీంతో పేచీ రాలేదు. కొట్టు పద్దులో ఫలానా వాళ్ళబ్బాయి అంటే చాలు. పీర్లపండక్కి మాతోపాటు నడిచినవాళ్ళెవరూ మా స్పెల్లింగు అడగలేదు. మనుషులే మనుషుల్ని గుర్తుపట్టేవాళ్ళు. ఇప్పుడా పని యంత్రానికి పోయింది.

మా ఇంట్లో కంప్యూటరు చదువు చదివిన పిల్ల ఉంది. వాడలో పిల్లల స్కాలర్‌షిప్పు కాగితాలన్నీ ఒకచోట ఉంచడానికి వెబ్ అప్లికేషన్ ఒకటి కట్టింది. ఎవరి కాగితాలు వాళ్ళకే కనపడాలి గదా! అందుకు లాగిన్ పెట్టాల్సి వచ్చింది. ఆ పని వివరిస్తుంటే మాకు మా బతుకే వినపడింది.

అందులో రెండు ప్రశ్నలున్నాయంట. నువ్వెవరు అన్నది మొదటిది. అది అథెంటికేషన్. నీకు ఏ తలుపు తీయొచ్చు అన్నది రెండోది. అది ఆథరైజేషన్. మొదటిది తేలకుండా రెండోదాని దాకా పోలేం.

మనమిచ్చిన పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచకూడదంట. దానికి కాస్త ఉప్పు కలపాలి. ఆ పనివాళ్ళు నిజంగానే సాల్ట్ అంటారు, మనిషి మనిషికీ వేరే ఉప్పు. అప్పుడు పిండి పట్టినట్టు పట్టి ఆ పిండినే దాచాలి. దాన్ని హాష్ అంటారు. పిండిలోంచి గింజలు తిరిగి రావు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ పట్టి, రెండు పిండ్లూ ఒకటేనా అని చూస్తుంది. ఒకటైతే ఒక చీటీ ఇస్తుంది. దాని పేరు సెషన్. ఆ చీటీ చెల్లినంతసేపు ఏ పేజీకి పోయినా నువ్వెవరని అడగదు.

అబ్బా విని నవ్వాడు. "మనకా చీటీ ఎప్పుడిస్తారే తల్లీ?" అన్నాడు.

నిజమే గదా! ఎక్కడో బాంబు పేలితే అడుగుతారు. అద్దెకు ఇల్లడిగితే అడుగుతారు. ఈ మట్టిలో మిరప కోశాం. ఈ మట్టిలోనే మా ఖబరస్తాన్ ఉంది. అయినా ప్రతి పేజీలోనూ లాగిన్ కమ్మంటారు.

2010లో ఆధార్ వచ్చింది. పది వేళ్ళు, రెండు కళ్ళు తీసుకుని పన్నెండు అంకెలిచ్చింది. ఎవరడిగినా అవును, కాదు అని జవాబు చెబుతుంది. 2015 నుంచి మన రాష్ట్రంలో రేషన్ కొట్లకు ఈపాస్ మిషన్లొచ్చాయి. మా దాదీ వేళ్ళు మిరప తొడిమలు తీసి తీసి, పత్తి ఏరి ఏరి గీతలరిగాయి. మిషను కాదంది. కొట్టతనికి ఆమె చిన్నప్పట్నుంచీ తెలుసు. కానీ అతని ఎరుక చెల్లదు.

పిల్లల సంగతి ఇంకోరకం. 2007 చట్టంతో బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చింది. షేకులం అందులో ఉన్నాం. అంటే తలుపు తీయొచ్చని రాసే ఉంది. కానీ మార్కుల లిస్టులో ఎస్.కె., ఆధార్‌లో ఒక షేక్, కులపత్రంలో మరో షేక్. హక్కు ఉంది, మనిషి తేలలేదు!

2022 ఏప్రిల్ 4న మా జిల్లా పేరు మారింది. గుంటూరు పోయి పల్నాడు వచ్చింది. ఊరు ఊరిచోటనే ఉంది. పాత కార్డు మీద గుంటూరని ఉన్నంత మాత్రాన మమ్మల్ని ఎవరూ దొంగలనలేదు. సర్కారు మార్చిన పేరుకు ఇంత సర్దుబాటు ఉన్నప్పుడు, గుమాస్తా మార్చిన అక్షరానికి ఎందుకుండదు?

ఇది ఒట్టి స్కాలర్‌షిప్పు గోల అనుకోకండి. 2019 ఆగస్టు 31న అస్సాంలో ఎన్నార్సీ తుది జాబితా వస్తే 19 లక్షల మందికి పైగా అందులో లేరు. వాళ్ళలో హిందువులూ ఉన్నారు, ముసల్మానులూ ఉన్నారు. కాగితానికీ కాగితానికీ అక్షరం కలవక చిక్కుకున్నవాళ్ళూ ఉన్నారు. అక్షరం తప్పితే దేశమే జారిపోతుందని మా ఇళ్ళలో అప్పుడు భయం పట్టింది. పెట్టెలు తెరిచి కాగితాలు సరిచూసుకున్నాం.

మా పిల్ల తన లాగిన్‌లో ఇంటిపేరుకో గడి, సొంతపేరుకో గడి పెట్టలేదు. పేరుకు ఒకటే గడి. ఎవరెలా రాసుకుంటే అదే వాళ్ళ పేరు. ఫోనుకొచ్చే ఓటీపీ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. మా ఇళ్ళలో ఫోను ఒకటే, అదీ మగపిల్లల జేబులో ఉంటుంది. ఐదుసార్లు తప్పు కొడితే కాసేపు ఆగమంటుంది, జన్మంతా బయట నిలబెట్టదు. పాస్‌వర్డు మరిస్తే లోపలున్న ఇద్దరు గవాహీ చెప్పాలి. ఎవరు, ఎప్పుడు చెప్పారో రాసిపెడుతుంది. నికాకు ఇద్దరు గవాహులు చాలినప్పుడు దీనికి చాలరా అంది.

రుజువే అడగొద్దని మేం అనడం లేదు. తాళంలేని ఇల్లు మాకూ వద్దు. అందరినీ అడిగినట్టే మమ్మల్నీ అడగండి. ఒకసారి అడగండి. మిషను కాదన్నప్పుడు పక్కింటి మనిషి మాట వినండి. మా దాదీని ఎరిగినవాళ్ళు నకరికల్లులో ఇంకా ఉన్నారు.