చిన్నత్తకు చెప్పని సంగతి

ఈ ఏడు భాద్రపదంలో చిన్నత్త తద్దినానికి మా మరిది న్యూజెర్సీ నుంచి వచ్చాడు. భోజనాలయ్యాక మా అత్తగారు నన్ను పిలిచి, "వాడి కాగితాల కథంతా నీకే కదా తెలుసు, రాసి పెట్టమ్మా. మనవాళ్ళ పిల్లలు సగంమంది అక్కడే ఉన్నారు, ఎవరికైనా పనికొస్తుంది" అన్నారు. అందుకే రాస్తున్నాను. నేను చదివింది బళ్ళారిలో, కన్నడ మీడియంలో. తెలుగు రాయడం ఈ చింతాద్రిపేట ఇంటికి కోడలిగా వచ్చాక నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

చిన్నత్త మా అత్తగారి చెల్లెలు. ఆయన చిన్నవయసులోనే పోతే, మా ఇంటి వెనక వాటాలోనే ఉండి కొడుకుని చదివించింది. ఒక్కడే కొడుకు. 2013లో ఒక కన్సల్టెన్సీ ద్వారా హెచ్‌-1బి వీసా మీద అమెరికా పోయినాడు. 2016లో ప్రాజెక్టు పోయింది, పొడిగింపు రాలేదు. ఆ దేశంలో అడుగు పెట్టినప్పుడు ఐ-94 అని ఒక రికార్డు ఇస్తారు. ఎప్పటిదాకా ఉండొచ్చో ఆ తేదీ అందులో ఉంటుంది. ఆ తేదీ దాటిపోయింది. ఇంకో కంపెనీ దొరుకుతుందిలే అని ఒక నెల ఆగాడు, తర్వాత ఇంకో నెల. అట్లా మూడేళ్ళు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తల్లికి డబ్బు మాత్రం నెల తప్పకుండా పంపేవాడు.

మన పిల్లల్లో ఇట్లా కాగితం చేజారినవాళ్ళు తక్కువేమీ కాదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతబడినప్పుడు, మన తెలుగు విద్యార్థుల కాళ్ళకు రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు పేపర్లలో వచ్చాయి, మీకు గుర్తుండే ఉంటుంది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీ సంగతి ఇంకా ఘోరం. అది యూనివర్సిటీయే కాదు, అక్కడి ప్రభుత్వ అధికారులే వల వేసి నడిపినది. అందులోనూ చిక్కుకున్నవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది.

ఆ వార్త టీవీలో వచ్చిన మరుసటి నెలే మా మరిది నాకు ఫోన్ చేశాడు. "వదినా, పెళ్ళి చేసుకున్నాను. అమ్మాయిది ఈ దేశమే, ఫార్మసీలో పని. నాకు కాగితాలు లేవు. అమ్మకు రెండోది చెప్పొద్దు" అన్నాడు. మొదటిది నేనే ఇంట్లో చెప్పినాను. రెండోది మా ఆయనకూ అత్తగారికీ మాత్రం చెప్పినాను.

ఇంట్లో వచ్చిన మొదటి మాట, "కాగితం కోసం కట్టుకున్నాడా?" అని. రెండో మాట, "సరే, అమెరికా పిల్లే కదా, ఇంక భయం లేదు" అని. రెండూ సరైనవి కావు. ఆ నెలంతా రాత్రుళ్ళు కూర్చుని అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసు పెట్టిన సూచనలు చదివినాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నా పనే అది, ఏ షరతు దగ్గర ఏది ఆగిపోతుందో చూడటం. పైగా ఇంగ్లీషు నాకు కాలేజీలో పట్టుకున్న భాష. గబగబా చదివి అర్థమైపోయిందనుకునే అలవాటు లేదు, ఒక్కో మాట దగ్గరా ఆగుతాను.

నాకు అర్థమైంది ఇది. అమెరికా పౌరులను పెళ్ళాడినవాళ్ళకు వీసాల సంఖ్య మీద పరిమితి లేదు, క్యూ లేదు. గడువు దాటి ఉన్నా, అనుమతి లేకుండా పని చేసినా, దేశం దాటకుండా అక్కడే గ్రీన్ కార్డుకు అప్లై చేయొచ్చు. కానీ ఒక షరతు: వచ్చినప్పుడు సరిహద్దు దగ్గర అధికారి చూసి, రానిచ్చి ఉండాలి. మా మరిదికి పాత ఐ-94 ఉంది కాబట్టి దారి ఉంది. కంచె దాటి దొంగదారిన వచ్చినవాళ్ళకు పెళ్ళైనా, సాధారణంగా అక్కడే ఉండి కార్డు తీసుకునే వీలుండదు. దేశం బయటికి పోయి వీసా తెచ్చుకోవాలి. భార్యకో భర్తకో తీవ్రమైన కష్టం కలుగుతుందని రుజువు చేస్తే, బయల్దేరకముందే మినహాయింపు అడిగే పద్ధతి 2013లో వచ్చింది. ఇక పెళ్ళాడింది పౌరురాలిని కాక గ్రీన్ కార్డు ఉన్న మనిషినైతే, గడువు దాటిన తప్పుకు ఈ క్షమాపణ మామూలుగా దొరకదు. చాలామంది మనవాళ్ళకు ఈ తేడా తెలియదు.

అమెరికా చట్టం కఠినం అంటారు గానీ, మన 1955 పౌరసత్వ చట్టం చూడండి. మన దేశపు మనిషిని పెళ్ళాడినవాళ్ళు ఏడేళ్ళు ఇక్కడ నివాసముంటే పౌరసత్వానికి నమోదు చేసుకోవచ్చు. కానీ పాస్‌పోర్టు లేకుండా వచ్చినా, మంచి పాస్‌పోర్టుతోనే వచ్చి గడువు దాటి ఉండిపోయినా, రెండిటికీ ఒకటే పేరు పెట్టి ఆ దారి మూసేసింది. శ్రీలంక నుంచి వచ్చి తమిళనాడులోనే పెళ్ళిళ్ళు చేసుకున్న ఎంతమందికో ఇదే అడ్డం.

పెళ్ళి నిజమైనదని చూపించడం ఇంకో పని. 1986లో దొంగపెళ్ళిళ్ళ మీద అక్కడ ఒక చట్టం చేశారు. దాని ప్రకారం పెళ్ళై రెండేళ్ళు నిండకముందే కార్డు మంజూరైతే అది రెండేళ్ళకే ఇస్తారు. గడువు తీరే ముందు 90 రోజుల్లో షరతు తీసేయమని మళ్ళీ అడగాలి. దొంగపెళ్ళి అని ఒకసారి తేలితే, తర్వాత నిజంగా పెళ్ళాడినా ఇంకెవరూ వాళ్ళ కోసం పిటిషన్ గెలవలేరు. మరిది వాళ్ళు ఇంటి అద్దె కాగితం, బ్యాంకు ఖాతా, టాక్సు లెక్కలు, కరెంటు బిల్లు అన్నీ ఇద్దరి పేర్లతో జతచేశారు. చిన్నత్తకు చెబితే నవ్వింది. "మా పెళ్ళికి ఒక్క ఫొటో ఉంది, అందులోనూ ఆయన కళ్ళు మూసుకున్నాడు."

నాకు నవ్వు రాలేదు. బళ్ళారి నుంచి నేను ఇక్కడికి వచ్చినప్పుడు పెళ్ళి సర్టిఫికెట్ తీసుకుని రేషన్ కార్డులో పేరు చేర్చమని పోతే, అక్కడి కార్డులో పేరు తీసేసినట్టు కాగితం తెమ్మన్నారు. మా పేట మొదలైందే వచ్చినవాళ్ళతో. 1734లో గవర్నర్ మోర్టన్ పిట్ కాలంలో కూవం ఒడ్డున నేతపనివాళ్ళను పిలిచి, చోటిచ్చి కూర్చోబెట్టారు. 'చిన్న తరి పేట', చిన్న మగ్గాల పేట అని ఆ పేరు వచ్చిందంటారు. పిలిచిన కాలం వేరు. మనమే పోయి కూర్చున్న చోట, వచ్చిన తలుపు ఏదో చూపించాలి.

2019 ఏప్రిల్‌లో వాళ్ళు అప్లికేషన్ వేశారు. ఆగస్టులో చిన్నత్త మంచం పట్టింది. కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయన్నారు.

అప్పుడు ఇంట్లో గొడవ మొదలైంది. "పెళ్ళైంది, అప్లికేషన్ వేశాడు, వచ్చి తల్లిని చూసి పోతే ఏం?" అని అందరూ. నేనొక్కదాన్నే వద్దన్నాను. అప్లికేషన్ నడుస్తుండగా ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటితే, దాన్ని వదులుకున్నట్టే లెక్క. దాని మీద ఇంకొకటి. 1996 చట్టం ప్రకారం ఏడాదికి పైగా అక్రమంగా ఉండి దేశం విడిచి పోయినవాళ్ళను పదేళ్ళు మళ్ళీ రానివ్వరు. ఆరు నెలలు దాటి ఏడాదిలోపైతే మూడేళ్ళు. విచిత్రమేమంటే, అక్కడే ఉన్నన్నాళ్ళూ ఆ శిక్ష నిద్రపోతూ ఉంటుంది, గడప దాటితేనే లేస్తుంది. దానికీ మినహాయింపు అడగొచ్చు గానీ, ఇస్తారో లేదో, ఎన్నేళ్ళకిస్తారో తెలియదు. అన్నాళ్ళూ భార్య అక్కడ, తను ఇక్కడ.

ఒక దారి ఉంది. దాని పేరు అడ్వాన్స్ పెరోల్, అంటే పోయి రావడానికి ముందే తీసుకునే అనుమతి. అది ఉన్నా పదేళ్ళ నిషేధం పడుతుందని ఒకప్పుడు అధికారులు అనేవాళ్ళు. దాన్ని మార్చింది 2012 ఏప్రిల్‌లో అక్కడి ఇమ్మిగ్రేషన్ అపీళ్ళ బోర్డు ఇచ్చిన తీర్పు. దాని పేరు 'అర్రబల్లి, ఎర్రబెల్లి'. పేర్లు చూస్తేనే మనవాళ్ళని తెలుస్తుంది. ఆ భార్యాభర్తల అప్లికేషన్ పెళ్ళి ద్వారా వేసింది కాదు, ఉద్యోగం ద్వారా వేసింది. అది నడుస్తుండగా పెరోల్ మీద ఇండియాకు వచ్చి, వయసైన తల్లిదండ్రులను చూసి తిరిగి పోయినారు. మీరు దేశం విడిచి పోయారు కాబట్టి కార్డు లేదన్నారు. బోర్డు కాదంది. అనుమతితో పోయి, తిరిగి వస్తామని పోయినది ఆ చట్టం చెప్పే 'విడిచిపోవడం' కాదంది. ఈ రోజు ఎందరో ఇళ్ళకు వచ్చి పోగలుగుతున్నారంటే ఆ రెండు ఇంటిపేర్ల పుణ్యం. అప్పుడైనా తిరిగి లోపలికి రానివ్వడం విమానాశ్రయంలో అధికారి చేతిలోనే ఉంటుంది.

మరిది ఆ అనుమతికి అప్లై చేసే ఉన్నాడు, ఇంకా రాలేదు. అత్యవసరమైతే త్వరగా ఇస్తారని తెలిసి, ఇక్కడి డాక్టరు దగ్గర ఉత్తరం రాయించి పంపినాను. భార్య పనికి సెలవు పెట్టి, ఆ ఉత్తరం పట్టుకుని ఫోన్లు చేస్తూనే ఉంది. అపాయింట్‌మెంట్ తేదీ దొరికింది. దానికి నాలుగు రోజుల ముందు, ఒక రాత్రి మరిది ఫోన్ చేసి, "టికెట్ కొన్నాను వదినా, ఏదైతే అదవుతుంది" అన్నాడు. నేను గంటసేపు మాట్లాడి ఆపినాను. రెండో రోజు పొద్దున చిన్నత్త పోయింది. మా ఆయన తలకొరివి పెట్టారు.

నా సలహా తప్పు కాదు. 2021లో ఇంటర్వ్యూ అయి కార్డు వచ్చింది. అప్పటికి పెళ్ళై రెండేళ్ళు దాటింది కాబట్టి పదేళ్ళ కార్డే వచ్చింది. ఆ నవంబరులో మరిది మొదటిసారి వచ్చినప్పుడు వెనక వాటా తలుపు తీసి చాలాసేపు నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

నన్ను తినేది వేరే. పోయే రెండు రోజుల ముందు చిన్నత్త నా చెయ్యి పట్టుకుని అడిగింది: "ఎందుకు రాలేదే వాడు? ఆ పిల్ల పంపలేదా?" చెప్పొద్దని మరిది మాట తీసుకున్నాను. "టికెట్ దొరకలేదు చిన్నత్తా" అన్నాను. ఆమె నమ్మలేదు. చూడటానికి వచ్చినవాళ్ళందరితో, "కోడలు పంపలేదు" అంది. ఆ మాట మీదే పోయింది. ఆఫీసుకు ఉత్తరం పట్టుకు తిరిగిన పిల్ల మీద ఆ నింద ఈ వీధిలో ఉండిపోయింది.

ఇంట్లో అందరికీ చట్టం విప్పి చెప్పినదాన్ని, ఆమెకు మాత్రం చెప్పలేదు. 'వాడు ఇప్పుడు గడప దాటితే పదేళ్ళు తిరిగి పోలేడు చిన్నత్తా' అని ఒక్క మాట అంటే అర్థం చేసుకోగల మనిషి. ఒంటరిగా కొడుకును పెంచినామె. రావద్దని తనే చెప్పి ఉండేదేమో.

మీ పిల్లల్లో ఎవరైనా అక్కడ ఇట్లా ఉంటే, వాళ్ళ ఐ-94 జాగ్రత్తగా దాచమనండి. అనుమతి చేతికి రాకుండా విమానం ఎక్కొద్దనండి. అక్కడి లాయరును అడగకుండా నా మాట మీదా పోవద్దు. కానీ పరువు కోసం ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర దాచొద్దు. వాళ్ళకు తెలియాలి.

ఈసారి తద్దినానికి మరిదితో ఆ అమ్మాయి కూడా వచ్చింది. చిన్నత్త ఫొటోకు తనే పూలు పెట్టింది. అత్తగారు తన గురించి ఏమనుకుని పోయిందో ఆమెకు ఇంకా తెలియదు. ఇది మరిది చదివి వినిపిస్తాడు. ముందు ఆమెకు తెలియాలి, తర్వాత ఈ వీధికి నేను చెబుతాను.