అరువది నాలుగు గళ్లు

మాది పుంగనూరు. పొట్టి ఆవుల పేరు చెప్పగానే మా ఊరు అందఱకును జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము మా ఊరనగానే మొదట తోచునది చింతచెట్టు. అవ్వ నాటిన చింతచెట్టొకటి మా పెరటిలో నుండెడిది. నాకు పండ్రెండేండ్లప్పుడు ఒక గాలివానకు అది కూలిపోయెను. దాని మ్రానును కోసిన నాడు, వెలుపలి చెక్క లేతపసుపుగాను, నడిమి చేవ నల్లవంకాయ చాయగాను ఉండుట చూచి ఆశ్చర్యపడితిని.

ఆ మ్రానును అవ్వ వంటచెఱకు చేయనీయలేదు. మా వీథి చివరనున్న ఆచారితాతకు అప్పగించెను. ఆయన దానిని పలకలుగా కోయించి, పలకకును పలకకును నడుమ పుల్లలుంచి, నీడలో పేర్చెను. “ఇవి ఎప్పటికి పనికివచ్చును తాతా?” అని అడిగితిని. “అంగుళము మందమునకు ఒక యేడు చొప్పున లెక్క వేసికొనుము నాయనా. పచ్చిచెక్క ఎవరి మాటయు వినదు” అని ఆయన నవ్వెను.

రెండేండ్లు గడచెను. శ్రావణమాసములో మా అక్కకు పెండ్లి నిశ్చయమయ్యెను. వరునిది కోలారు. వారి వంటయింట నిలుచుండి వండవలెను. కత్తిపీట వేసికొని కూర్చుండుటకు చోటు లేదు. కావున అక్క కూరలు తఱుగుకొనుటకు ఒక పలకను నా చేతులతో చేసి యీయవలెనని కోరిక పుట్టెను.

“ఒక్క చింత యేల? పనసను గూడ చేర్చుము. నలుపు ప్రక్కన పసుపు శోభించును” అని తాత చెప్పెను. బొబ్బిలి వీణను తొలుచునది పనసచెక్కతోనేననియు, జిట్రేగి చెక్కలో వేఱు రంగుల చెక్కముక్కలను పొదుగుట మైసూరు పనివాండ్ర విద్య యనియు ఆయన వలననే వింటిని. 1912లో పూర్తియైన మైసూరు రాజభవనములో దంతము పొదిగిన జిట్రేగి తలుపులను తరువాతి కాలమున చూచినప్పుడు తాత మాటలే నా చెవులలో మ్రోగినవి.

మా పని ఇట్లు సాగెను. చింతబద్దలు నాలుగు, పనసబద్దలు నాలుగు కావలెను. ఒక్కొక్కటి పదునాలుగంగుళముల పొడవు; వెడల్పును మందమును ఒకటింబావు అంగుళము. చిత్రిక పట్టి, మూలమట్టముతో సరిచూచి, ఒక చింత, ఒక పనస చొప్పున ప్రక్కప్రక్కన చేర్చి, నీటికి కరగని జిగురుతో అతికి బిగించవలెను. ఆఱిన పిమ్మట ఆ పలకను అడ్డముగా ఎనిమిది ముక్కలు కోయవలెను. కోసిన ముఖము పైకి వచ్చునట్లు వానిని నిలిపి, ఒకటి విడిచి యొకదానిని ఈ కొస ఆ వైపునకు పోవునట్లు త్రిప్పి, మరల అతికినచో చదరంగపు బల్ల వలె అరువది నాలుగు గళ్లు ఏర్పడును.

“తొమ్మిది బద్దలైన ఏమి?” అని అడిగితిని. తాత ఇసుకలో గీతలు గీసి చూపెను. తొమ్మిదైనచో రెండు కొసలును ఒకే రంగు, త్రిప్పినను మార్పుండదు. “కోసిన ముఖమే పైకి ఏల?” అని మరల అడిగితిని. “మాంసపు అంగడిలో చింతమొద్దును చూడలేదా? అది చెట్టును అడ్డముగా కోసిన దుంగ. కత్తి నారల నడుమ దిగును గాని నారను తెంపదు. మొద్దు త్వరగా చెడదు, కత్తి పదునును నిలుచును” అని చెప్పెను.

ఇంతవఱకు బాగుగనే యుండెను. పెండ్లి నాలుగు దినములున్నదనగా, తాత పొరుగూరికి పోయిన సమయమున, నా రంపము వంకరగా పోయి చింతబద్ద యొకటి చెడెను. ఎండిన చింతచెక్క మఱి లేదు. మూలనున్న క్రొత్తగా నఱికిన కొమ్మ నుండి ఒక బద్ద కోసితిని. రంగు కలిసెను. తాతకు చెప్పక అతికితిని. పలక పూర్తియైనది. అవిసెనూనె పట్టింపగా అది మిలమిల మెఱసెను. అక్క కన్నులు చెమ్మగిల్లెను. అందఱును, “ఆచారి శిష్యుడు గదా!” అని మెచ్చిరి.

ఉగాదికి అక్కయు బావయు వచ్చిరి. పలకను గూడ తెచ్చిరి. గళ్ల నడుమ వెండ్రుకలు దూరునంత సందులు తెఱచుకొని యుండెను. బావ దానిని అరుగుపై పెట్టి, “ఆచారిగారూ, పుంగనూరి పనితనము ఇంతేనా?” అని నవ్వెను. నలుగురు పొరుగువారును నవ్విరి. తాత మాటాడలేదు. వ్రేలితో సందులను తడవి లెక్కించెను. తెఱచుకొన్న గళ్లు ఎనిమిది. అవి రెండు వరుసలలో ఒకటి విడిచి యొకటిగా నుండెను. ఎనిమిదియు ఒకే బద్ద పిల్లలు. పచ్చిచెక్క ఎండి కుదించుకొనినది. దాని నలుప్రక్కల జిగురు వీడినది. ఆయనకు సర్వము తెలిసిపోయెను. ఒక్కసారి నా వైపు చూచి, “పొరపాటు జరిగినది. మఱొకటి చేసి యిత్తును” అని మాత్రము బావతో అనెను.

ఆ మాట నాకు దెబ్బకంటె బాధ కలిగించెను. ముప్పదియేండ్లు కాపాడుకొనిన పేరును ఆ వృద్ధుడు నా కొఱకు నలుగురి యెదుట వదలుకొనుచుండెను. నా గొంతు ఎండిపోయెను. అయినను లేచి, “బావా, తప్పు తాతది కాదు. పచ్చిబద్ద వేసినవాడను నేను. ఆయనకు చెప్పలేదు” అంటిని. అరుగుపై నవ్వు ఆగిపోయెను. బావ లేచి తాతకు చేతులు జోడించెను.

మఱునాడు తాత నన్ను మందలించలేదు. ఆ పచ్చికొమ్మలో మిగిలిన తుండును నా చేత పలకగా కోయించి, దానిపై నాటి తేదీని పెన్సిలుతో వ్రాయించెను. “ఇది ఎండిన నాడు రమ్ము” అనెను. నేను దినములు లెక్కించుచు రెండేండ్లు వేచితిని. ఆ చెక్కతో చేసిన రెండవ పలక అక్క యింట నేటికిని చెక్కుచెదరలేదు.

మొదటి పలక నా యొద్దనే యున్నది. నా పిల్లలు దానిని పాఱవేయుమందురు. నేను దాని యెనిమిది గళ్లను వ్రేలితో తడవి మరల గూటిలో పెట్టుదును.