వైరస్ కాదు, ర్యామ్!

కంప్యూటర్ మొరాయిస్తే మన హాస్టల్లో మొదట వినపడే మాట ‘వైరస్’. రెండో మాట ‘ఫార్మాట్ కొట్టు’. మూడోది ఎవరో ఒకరి పేరు. 2023 వేసవిలో స్టడీ రూములోని కంప్యూటర్ విషయంలో ఈ మూడూ వరుసగా జరిగాయి. దాని సంగతి చూసిన ఐదుగురం కలిసి ఇది రాస్తున్నాం. తమ్ముళ్లకు ఎప్పుడైనా పనికొస్తుంది.

ఆ కంప్యూటర్ ఎక్కడిదో కొత్తగా చేరినవాళ్లకు తెలియదు. పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని ఇచ్చిన డబ్బుతో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే అందరూ సీటీసీ అంటారే, అక్కడికి వెళ్లి విడిభాగాలు కొని తెచ్చి మేమే బిగించాం. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, ఎనిమిదేసి జీబీల డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు. ఈ-పాస్ దరఖాస్తులు, హాల్ టికెట్లు, ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ దానిమీదే చేసుకునేవాళ్లం. నెట్ సెంటర్‌కు పెట్టే డబ్బులు మిగిలాయి.

రెండు నెలలు బాగా నడిచింది. తర్వాత నీలం తెర రావడం మొదలైంది. ఒకరోజు ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని, ఇంకోరోజు ‘పేజ్ ఫాల్ట్’ అని, మరోసారి ‘ఐఆర్‌క్యూఎల్’ అని, రోజుకో కారణం చూపించేది. ఒక రాత్రి డిగ్రీ ఫైనలియర్ అన్న ప్రాజెక్టు రిపోర్టు ఫైలు తెరుచుకోలేదు. కాలేజీలో ఇవ్వడానికి తొమ్మిది రోజులే గడువు. ముందురోజు పాటలు ఎక్కించుకోవడానికి పెన్‌డ్రైవ్ పెట్టిన ఐటీఐ తమ్ముడి పేరు బయటికొచ్చింది. వాడు రెండు పూటలు మెస్సులో అందరూ తిని వెళ్లాక వచ్చి తిన్నాడు.

కంప్యూటర్‌ను ఫార్మాట్ కూడా చేశారు. మాకు అనుమానం వచ్చింది అప్పుడే. డిస్కు పూర్తిగా ఖాళీ. నెట్ కనెక్షన్ తీసేసి ఉంది. విండోస్ ఉన్న పెన్‌డ్రైవ్ తప్ప ఇంకేదీ పెట్టలేదు. అయినా ఇన్‌స్టాల్ సగంలో ఉండగానే నీలం తెర వచ్చింది. ఇక తమ్ముడి పాటలకూ దీనికీ ఏం సంబంధం?

ఇక్కడ ర్యామ్ గురించి రెండు మాటలు చెప్పాలి. అందులో ఒక్కో బిట్ ఒక్కో చిన్న కెపాసిటర్‌లో ఛార్జి రూపంలో ఉంటుంది. చిల్లికుండలో నీళ్లలా అది కారిపోతూనే ఉంటుంది. అందుకని మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు దాన్ని మళ్లీ నింపుతూ ఉండాలి. ఏదో ఒక కుండకు చిల్లి మరీ పెద్దదైతే, నింపేలోపే ఖాళీ అయిపోతుంది. వేడి పెరిగితే ఇంకా త్వరగా కారుతుంది. మన స్టడీ రూము మే నెలలో ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క బిట్ పోతే ఏమవుతుందని తీసిపారేయకండి. ‘7’ అనే అంకెను కంప్యూటర్ 00110111 అని దాచుకుంటుంది. అందులో ఒక్క 1 పోయి 00110011 అయిందనుకోండి, అది ‘3’. అంటే 78 మార్కులు కాస్తా 38 అవుతాయి. యూనికోడ్‌లో ‘క’ చివరి బిట్ మారితే ‘ఔ’ అవుతుంది. నీలం తెర వస్తే కనీసం కనపడుతుంది. ఇది కనపడదు, ఏ హెచ్చరికా రాదు. మాకు అసలు భయం దీనితోనే. స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి మరి.

మెమ్‌టెస్ట్86+ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి దానితోనే కంప్యూటర్ ఆన్ చేయాలి, విండోస్‌తో పనిలేదు. ర్యామ్‌లోని దాదాపు ప్రతి గదిలో ఏదో ఒకటి రాసి, మళ్లీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూస్తుంది. రాత్రి పది గంటలకు మొదలుపెట్టి, కరెంటు పోకూడదని మొక్కుకుంటూ కూర్చున్నాం. నలభై నిమిషాలకు తప్పుల వరుసలు మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే మాకు సంతోషమే అయింది!

అయితే తప్పు వచ్చినంత మాత్రాన స్టిక్కే పాడైందని అనడానికి లేదు. స్లాటు కావచ్చు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ కావచ్చు, కరెంటు సరిగా అందకపోవడం కావచ్చు. అందుకని ఒకసారికి ఒక్కటే మార్చి, మార్చిన ప్రతిసారీ మళ్లీ టెస్ట్ పెట్టాం. ముందు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపేశాం. డబ్బా మీద 3200 అని గొప్పగా రాసి ఉంటుంది కానీ, మా స్టిక్కులకు ఆ వేగం రావాలంటే 1.35 వోల్టులు ఇవ్వాలి. డీడీఆర్4కు మామూలుగా ఇచ్చేది 1.2 వోల్టులే. వేగం తగ్గించాక తప్పులు ఆలస్యంగా వచ్చాయి, కానీ వచ్చాయి. తర్వాత ప్లగ్ పీకి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకి, స్టిక్కులు బయటికి తీసి, బంగారు రంగు కాళ్లను మెత్తటి రబ్బరుతో నెమ్మదిగా తుడిచి పెట్టాం. అయినా తప్పులు ఆగలేదు.

ఇక ఒక్కో స్టిక్కే పెట్టి చూడటం మిగిలింది. మొదటిది తెల్లారేదాకా నడిచినా ఒక్క తప్పు లేదు. రెండోది ఇరవై నిమిషాల్లో దొరికిపోయింది. దాన్ని వేరే స్లాటులో పెట్టినా అదే బిట్ తప్పింది. అది ఉన్న స్లాటులో మంచి స్టిక్కు పెడితే శుభ్రంగా నడిచింది. స్లాటు మారినా జబ్బు స్టిక్కు వెంటే పోయింది కాబట్టి ఇంక వాదన లేదు. ఆ చోటు వాడకంలోకి వచ్చినప్పుడే గొడవ జరిగేది. అందుకే పాటలు వింటే ఏమీ కాక, నాలుగైదు పెద్ద ఫైళ్లు తెరిస్తే పడిపోయేది.

స్టిక్కు పట్టుకుని షాపుకు వెళ్తే షాపాయన, ‘వైరస్ ఉంటుంది బాబూ, ఫార్మాట్ కొట్టండి’ అన్నాడు. ఆయనా మన హాస్టల్లోనే చదివాడేమో! ఫోన్లో తీసిన టెస్ట్ ఫోటోలు చూపించాక వారంటీ కింద తీసుకున్నాడు. కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా ఒక్క స్టిక్కుతోనే నడిపాం. మెల్లగా నడిచింది కానీ పడిపోలేదు. కొత్తది వచ్చాక రెండూ కలిపి ఒక రాత్రంతా టెస్ట్ పెట్టాం. తప్పులు సున్నా.

అన్న రిపోర్టులో సగం ఆయన మెయిల్‌లో దొరికింది. మిగతా సగం చేతిరాత నోట్సు చూసి వంతులవారీగా టైపు చేశాం. ఐటీఐ తమ్ముడికి టైపింగ్ రాదు, పక్కన కూర్చుని చదివి చెప్పాడు. గడువుకు ఒకరోజు ముందే బైండింగ్‌కు ఇచ్చాం.

మెమ్‌టెస్ట్ ఉన్న పెన్‌డ్రైవ్ వార్డెన్ గారి టేబుల్ సొరుగులో ఉంది. ఎర్ర దారం కట్టి ఉంటుంది. కావలసినవాళ్లు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకోండి. దాంట్లో పాటలు మాత్రం ఎక్కించకండి.