తగినంత అంటే ఎంతమ్మా?

ఉప్మా అనగానే మొహం చిట్లించేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరుంటారు. "ఇవాళ కూడా ఉప్మాయేనా?" అన్న మాట వినని ఇల్లాలు ఉంటుందా చెప్పండి! అదే సేమ్యా ఉప్మా అనండి, కాస్త మెత్తబడతారు. నాలుగు జీడిపప్పులు కనబడ్డాయా, ఇక గొడవే లేదు. చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగినా, దోసెల పిండి అడుగంటినా మనల్ని గట్టెక్కించేది డబ్బాలో ఉన్న ఆ సేమ్యాయే.

ఇంత తేలిక వంటకం గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకుంటున్నారా? ఉందండీ. ఇది మీకు తేలికే. మరి మీ ఇంట్లో మిగతావాళ్ళకి?

మా మామగారి సంగతి చెబుతాను. అత్తయ్యగారు పోయి రెండేళ్ళయింది. ఆయన తెనాలి దగ్గర పల్లెలో సొంతింట్లో ఒక్కరే ఉంటారు. విజయవాడలో మా దగ్గరికి వచ్చెయ్యమంటే, "ఆ అరుగు వదిలి రాలేనమ్మా" అంటారు. డెబ్భై మూడేళ్ళ మనిషి. పొలం లెక్కలు నోటికి చెబుతారు, నీళ్ళ మోటారు విప్పి బిగిస్తారు. కానీ నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా పొయ్యి వెలిగించి ఎరగరు. వెలిగించనిచ్చే మనిషి కూడా కాదు అత్తయ్యగారు.

పొద్దున ఒకావిడ వచ్చి వండిపెట్టి వెళుతుంది. రాత్రికి ఆ మిగిలిందే. ఆవిడ రాని రోజు ఇంత మజ్జిగా, ఓ అరటిపండూ. ఈ సంగతి ఆయన మాకు చెప్పలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చొక్కా భుజాల మీంచి జారిపోతుంటే చూసి మేమే అడిగాం. "రాత్రిపూట ఆకలి వెయ్యదులే" అన్నారు. ఆకలి వెయ్యక కాదు, అడగడానికి మొహమాటం. జన్మలో అడిగి తిన్న మనిషి కాదు కదా, అడక్కుండానే కంచం ముందుకొచ్చేది.

పండగ నాలుగు రోజుల్లోనే ఆయనకి సేమ్యా ఉప్మా నేర్పడం మొదలుపెట్టాను. అదే ఎందుకంటారా? కుక్కరు విజిళ్ళు లెక్కపెట్టక్కర్లేదు, నానబెట్టేది రుబ్బేది లేదు, ఒక్క మూకుడు చాలు. "నూడుల్స్ ప్యాకెట్లు కొనిచ్చేస్తే పోలా?" అన్నాడు మా అబ్బాయి. జపాన్‌లో మోమోఫుకు ఆండో 1958లో కనిపెట్టిన ఆ సరుకు, 1983లో మ్యాగీ పేరుతో మన దేశంలోకి వచ్చింది. అప్పటినుంచీ పిల్లలకి అదే లోకం. ఎప్పుడైనా తింటే ఫరవాలేదు. కానీ మామగారికి బీపీ ఉంది. నూడుల్స్‌ని మామూలుగా నూనెలో వేయించి ఆరబెడతారు, మసాలా పొట్లంలో ఉప్పు దండిగా ఉంటుంది. ప్యాకెట్ వెనక సోడియం అంకె చూసి రెండున్నరతో గుణించండి, ఉప్పెంతో తేలిపోతుంది. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే, అంటే ఒక టీస్పూనులోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. సేమ్యాలో అయితే ఉప్పూ నూనే మన చేతిలోనే ఉంటాయి.

నేర్పడానికి నిలబడ్డాక మొదటి అడ్డంకి అక్కడే వచ్చింది. "ఉప్పు తగినంత వెయ్యండి మామయ్యగారూ" అంటే, స్పూను గాల్లోనే ఆపి, "తగినంత అంటే ఎంతమ్మా?" అన్నారు.

నిజమే కదా! వంటల పేజీలు తిరగేసి చూడండి. ఉప్పు తగినంత, నూనె తగినంత, దోరగా వేగాక, దగ్గరపడ్డాక... ఏళ్ళ తరబడి వండే మనకి ఆ మాటలు చాలు, మిగతాది చేతికే తెలుసు. ఎప్పుడూ వండనివాళ్ళకి మాత్రం ఆ మాట దగ్గరే తలుపు మూసుకుపోతుంది. అందుకని ఆ రోజు గ్లాసూ, టీస్పూనూ, గోడ గడియారం పెట్టుకుని ప్రతిదానికీ కొలత కట్టాం. మీకూ చెబుతాను, రాసుకోండి. ఇద్దరికి సరిపోతుంది.

మంచినీళ్ళ గ్లాసుతో, అంటే సుమారు 200 మిల్లీలీటర్ల గ్లాసుతో, ఒక గ్లాసు సన్న సేమ్యా. మూకుట్లో ఒక టీస్పూను నెయ్యి వేసి, చిన్నమంట మీద నాలుగైదు నిమిషాలు కలుపుతూ వేయించాలి. "దోరగా అంటే?" అన్నారు మామగారు. "ఎండిన వరిగడ్డి రంగు" అన్నాను. రైతు కదా, ఇట్టే పట్టేశారు. ఆ రంగు రాగానే పళ్ళెంలోకి తీసెయ్యాలి.

అదే మూకుట్లో మూడు టీస్పూన్ల నూనె. శనగపప్పు, మినప్పప్పు ఒక్కో టీస్పూను, ఆవాలు అర టీస్పూను, ఆరు జీడిపప్పులు. ఆవాలు చిటపటమన్నాక ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిర్చి, వేలిగోరంత అల్లం ముక్కలు, ఒక రెమ్మ కరివేపాకు. ఉల్లిపాయ మెత్తబడ్డాక క్యారెట్, బీన్స్, బఠాణీ ఏవున్నా సరే, ఒక గ్లాసు ముక్కలు వేసి మూడు నిమిషాలు మగ్గించాలి. షుగరున్నవాళ్ళు సేమ్యా తగ్గించి కూరముక్కలు ఇంకా పెంచుకోవచ్చు.

ఇప్పుడు ఒకటిముప్పావు గ్లాసు నీళ్ళు, ముప్పావు టీస్పూను ఉప్పు. నీళ్ళు తెర్లుతున్నప్పుడే సేమ్యా పొయ్యాలి, అంతకు ముందు కాదు. ఒక్కసారి కలిపి, మంట తగ్గించి, మూతపెట్టి మూడు నిమిషాలు. స్టవ్ ఆపేసి, మూత తియ్యకుండా మరో అయిదు నిమిషాలు. ఆ తర్వాతే అర చెక్క నిమ్మరసం.

ముద్ద కావడానికి కారణాలు మూడే. సేమ్యా సరిగ్గా వేగకపోవడం, నీళ్ళెక్కువ కావడం, ఉడికేటప్పుడు అదేపనిగా తిప్పడం. తిప్పినకొద్దీ పోగులు తెగి, లోపలి పిండి బయటికొచ్చి జిగురవుతుంది. మైదా సేమ్యా కంటే రవ్వ సేమ్యా పొడిపొడిగా వస్తుంది, కొనేటప్పుడు చూసుకోండి. వంటయ్యాక సిలిండరు రెగ్యులేటరు కట్టెయ్యడం కూడా కొలతలతో పాటే ఆయన చేత రాయించాను.

కిందటి నెల మావారు పనిమీద తెనాలి వెళ్ళి, రాత్రికి అనుకోకుండా ఊళ్ళో ఆగిపోయారు. ఇరవై నిమిషాల్లో మామగారు వేడివేడిగా సేమ్యా ఉప్మా, పక్కన ఆవకాయ పెట్టి కంచం చేతికిచ్చారట. నాన్న చేతి వంట ఈయన తినడం యాభై ఏళ్ళ వయసులో అదే మొదటిసారి. ఫోన్లో ఆ మాట చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "ఆ కాయితం నాకూ ఒకటి రాసివ్వు" అన్నారు.

మన పని తగ్గించుకోవడానికే నేర్పాలని కాదండీ, అదీ మంచిదే అనుకోండి. "మనం లేని రోజు" అన్న మాట అశుభమని పక్కకి నెట్టకండి. లేకపోవడమంటే పోవడమే కానక్కర్లేదు. పుట్టింటికెళ్ళినా, జ్వరంతో పడుకున్నా, కూతురి పురిటికి వెళ్ళినా ఇంట్లోవాళ్ళ ఆకలి మన కోసం కాచుకుని కూర్చోదు. ఒక్క వంటకం వచ్చిన మనిషికి రెండోది భయం ఉండదు. మామగారు ఇప్పుడు చారు కూడా పెడుతున్నారు.

ఈ ఆదివారం మీవారినో, అబ్బాయినో స్టవ్ ముందు నిలబెట్టండి. మీరు పీట వేసుకుని కూర్చోండి. గరిటె మాత్రం లాక్కోకండి. ముద్దయినా సరే, వంక పెట్టకుండా తినండి. ఈ కొలతలు కాయితం మీద రాసి వంటింటి గోడకి అంటించండి. అందులో 'తగినంత' అన్న మాట మాత్రం రాయకండేం!