పాత కుట్లు, కొత్త కాన్పు

రెండో కాన్పుకు వచ్చిన అమ్మాయిని నేను ముందు అడిగేది పాత కాగితాలు. స్కానింగులూ రక్తపరీక్షలూ ఆ తర్వాతే. "పోయినసారి డిశ్చార్జి చేసేటప్పుడు ఇచ్చిన కాగితం ఉందామ్మా?" అంటే ప్లాస్టిక్ కవర్లో తెచ్చిందంతా బల్ల మీద పరుస్తుంది. పెద్దబిడ్డ టీకాల కార్డు, మందుల చీటీలు, బిల్లులు. వాటి మధ్య నాక్కావలసింది దొరికినా, అందులో ఉండేది తరచూ ఒక్క ముక్కే: సిజేరియన్ చేశాం, తల్లీబిడ్డా క్షేమం. ఎందుకు చేశారు? గర్భసంచి మీద గాటు అడ్డంగా పెట్టారా, నిలువుగానా? బిడ్డను తీసేటప్పుడు అది పక్కలకు చీలిందా? తర్వాత జ్వరం గానీ చీము గానీ పట్టిందా? ఇవేవీ ఉండవు. పొట్ట మీది మచ్చ చూసి లోపలి గాటు చెప్పలేం. పైన చక్కగా అడ్డంగా ఉన్నా, లోపల నిలువుగా కోసి ఉండొచ్చు.

మా తెలంగాణలో ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఇక్కడి కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. అందుకే మా ఓపీలో "ఈసారైనా నార్మల్ అవుతుందా మేడమ్?" అన్న మాట వినపడని రోజు ఉండదు. కొందరు ఆశగా అడుగుతారు, కొందరు భయంగా. "ఎందుకొచ్చిన గొడవ, కోసెయ్యండి" అనేవాళ్లూ తక్కువేం కాదు.

ఒకసారి సిజేరియన్ అయితే ఇక ఎప్పటికీ సిజేరియనే అన్నమాట 1916లో ఎడ్విన్ క్రేగిన్ అనే న్యూయార్క్ ప్రసూతి వైద్యుడు రాసింది. అప్పట్లో గర్భసంచి పైభాగాన నిలువుగా కోసేవారు. నొప్పులప్పుడు గట్టిగా ముడుచుకునే కండ అదే కాబట్టి, ఆ గాటు తర్వాతి కాన్పులో విచ్చుకుంటుందన్న భయానికి అర్థం ఉంది. 1920లలో గ్లాస్గోకు చెందిన మన్రో కెర్ లాంటివాళ్లు కిందిభాగంలో అడ్డంగా కోసే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. అక్కడి కండ పలచన, నొప్పుల్లో పెద్దగా ముడుచుకోదు, గాటూ బాగా మానుతుంది. ఇవాళ మనం చేసేది దాదాపు అంతా ఇదే. క్రేగిన్ మాట మాత్రం కొత్త గాటుకూ అంటుకుపోయింది. నిజానికి ఆయన హెచ్చరిక మొదటి సిజేరియన్ గురించి: తర్వాతి కాన్పులన్నిటి మీదా దాని నీడ పడుతుంది కనుక, తొందరపడి కొయ్యొద్దని.

మూడేళ్ల బాబును చంకనేసుకుని వచ్చిన ఒక అమ్మాయికి మొదటి కాన్పులో బిడ్డ ఎదురుకాళ్లు. అందుకే ఆపరేషన్ చేశారు. ఆ ఆసుపత్రివాళ్లు కారణం, గాటు, కుట్లు అన్నీ వివరంగా రాసిచ్చారు. ఈసారి బిడ్డ తల కిందికే ఉంది, బరువు మామూలే, షుగరూ బీపీ లేవు. పోయినసారి ఆపరేషన్‌కు కారణమైంది ఈసారి లేదు. వెంట వచ్చిన అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. "కుట్లేసిన సంచి మళ్ల బరువాపుతదా డాక్టరమ్మా? ఫట్టుమంటే ఎవరిది జిమ్మేదారి?" అంది. ఆమె అడిగిన ప్రశ్నే వైద్య పుస్తకాలూ అడుగుతాయి. పగిలే అవకాశం ఎంతో, ఎప్పుడు ఎక్కువో, పగిలితే మేమేం చేస్తామో ఆమెకే ఎదురుగా కూచుని చెప్పాను.

ఒక్క సిజేరియన్ అయి, అదీ కిందిభాగంలో అడ్డగాటై ఉంటే, నొప్పులు వాటంతటవే వచ్చినప్పుడు గర్భసంచి గాటు దగ్గర పగిలే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. బ్రిటన్ రాయల్ కాలేజీ ప్రసూతి వైద్యుల 2015 మార్గదర్శకాల ప్రకారం, ప్రయత్నించినవాళ్లలో 72 నుంచి 75 శాతం మందికి మామూలు కాన్పే అవుతుంది. అంతకుముందు ఒక్కసారైనా మామూలు కాన్పు అయినవాళ్లలో 85 నుంచి 90 శాతం. మొదటి ఆపరేషన్ ఎదురుకాళ్ల లాంటి కారణంతో అయితే 84 శాతం దాకా, నొప్పులు సాగక అయితే 64 శాతం. సూదులూ బిళ్లలూ ఇచ్చి నొప్పులు తెప్పిస్తే పగిలే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అందుకే పాత గాటు ఉన్నవాళ్లకు మిసోప్రోస్టాల్ బిళ్ల జోలికి పోము. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఏడాదిన్నర కూడా లేకపోతే అదీ ఒక జంకే.

ఆ అమ్మాయికి నొప్పులు తమంతట తామే వచ్చాయి. సెలైన్ పెట్టలేదు గానీ చేతికి సూది పెట్టి ఉంచాం. బిడ్డ గుండె చప్పుడు కోసం పొట్టకు సీటీజీ బెల్టు కట్టాం. రక్తం గ్రూపు చూసి రెండు సీసాలు పక్కన పెట్టించాం. మత్తు డాక్టరుకు ముందే చెప్పాం. అత్తగారు లేబర్ రూమ్ తలుపు దగ్గర నుంచి కదల్లేదు. తెల్లవారాక ఆడపిల్ల పుట్టింది. మర్నాడు కోడలు తన కాళ్ల మీద తాను నడిచి బాత్రూమ్‌కు వెళ్తుంటే, "పోయినసారి వారం దాకా లేవలే" అని పక్క మంచం ఆమెకు అత్తగారే చెబుతోంది.

ఇదే లెక్క విని ఇంకో నిర్ణయం తీసుకున్న మనిషి ఒకావిడ ఉంది. ప్రభుత్వ స్కూల్లో టీచరు. ఎన్నో ఏళ్ల చికిత్స తర్వాత మొదటి గర్భం నిలిచింది. నొప్పుల మధ్యలో బిడ్డ గుండె పడిపోయి, హడావిడిగా ఆపరేషన్ చేశారు. బిడ్డ రెండోరోజు పోయింది. ఈసారి కాగితాల ప్రకారం మామూలు కాన్పుకు ఏ అడ్డూ లేదు. లండన్‌లో ఉన్న అక్క అక్కడి క్లినిక్‌లో ఇచ్చిన కరపత్రం ఫొటోలు పంపింది. టీచరు అంతా చదివింది, లెక్కలన్నీ నాకంటే బాగా చెప్పింది. చివరికి, "మేడమ్, ఆ 200 మందిలో ఒకరు నేను ఒకసారి అయ్యాను. మళ్లీ ఆ గదిలో ఆ చప్పుడు వింటూ పడుకోలేను" అంది. 39 వారాలు నిండాక ఆపరేషన్ చేశాను. ఆపరేషన్ బిడ్డలకు మొదటి రోజుల్లో ఊపిరి ఇబ్బంది కొంచెం ఎక్కువ. 39 వారాల దాకా ఆగితే అది తగ్గుతుంది. ఆవిడ నిర్ణయం తప్పని నేను ఎవరి ముందూ అనలేదు. అంకె ఒకటే అయినా దాన్ని మోసే మనుషులు ఒకటి కాదు.

ప్రయత్నం మధ్యలో ఆపేయవలసి వచ్చిన కేసు కూడా చెప్పాలి. లేకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఒకామెకు నొప్పులు బాగానే మొదలై, గర్భాశయ ముఖద్వారం ఆరు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. రెండోసారి చూసినా అంతే. అప్పుడామె, "నొప్పి తగ్గినా ఇక్కడ మంట తగ్గట్లేదు" అంటూ పాత కుట్ల మీద చెయ్యి పెట్టి చూపించింది. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా గాటు దగ్గర బాధ నిలబడిందంటే మేం చెవులు రిక్కిస్తాం. సీటీజీ కాగితం మీద బిడ్డ గుండె గీత కిందికి జారుతూ, ఆలస్యంగా లేస్తోంది. మూత్రం సంచిలో రంగు చూస్తే లేత ఎరుపు. థియేటర్‌కు తీసుకెళ్లాం. పొట్ట తెరిచేసరికి పాత గాటు దగ్గర కండ పూర్తిగా విడిపోయి, పలచని పొర ఒక్కటే మిగిలింది. ఆ పొర వెనక ఉమ్మనీటిలో బిడ్డ తల వెంట్రుకలు కదులుతూ కనిపించాయి. కాసేపట్లో అదీ చిరిగేదే. బిడ్డ ఏడ్చింది, తల్లి గర్భసంచి నిలిచింది. ఆరోజు థియేటర్ గది పక్కనే ఉండడం, మత్తు డాక్టరు ఇంట్లో కాక ఆసుపత్రిలోనే ఉండడం – ఆ బిడ్డ బతుకు ఈ రెండింటి మీదే ఆధారపడింది.

అందుకే మామూలు కాన్పు కోరుకునే ప్రతి అమ్మాయికీ ఒక మాట చెబుతాను: నన్ను కాదు, ఆసుపత్రిని ప్రశ్నించు. రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టరు ఇక్కడే ఉంటాడా, ఫోన్ చేస్తే వస్తాడా? రక్తం ఇక్కడుందా, పక్క ఊళ్లో ఉందా? థియేటర్ తాళం ఎవరి దగ్గర? అమెరికాలో 1996 నాటికి సిజేరియన్ అయినవాళ్లలో 28 శాతానికి పైగా మామూలుగా ప్రసవించేవారు. 1999లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం, అత్యవసరంగా సిజేరియన్ చేయగల డాక్టరు నొప్పులు సాగినంతసేపూ వెంటనే అందుబాటులో ఉండాలంది. చిన్న ఆసుపత్రులు చేతులెత్తేశాయి, కోర్టు భయాలు తోడయ్యాయి, 2006 నాటికి ఆ అంకె పది శాతంలోపుకు పడిపోయింది. మన దగ్గర రెండు మూడు మంచాల నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టరు "సిజేరియనే చేద్దాం" అంటే, ఆ మాట వెనక ప్రతిసారీ డబ్బే ఉందనుకోవడం అన్యాయం. రాత్రంతా మేలుకుని కనిపెట్టుకునే మనుషులు అక్కడ లేరు.

ఇక రెండు సిజేరియన్లు అయినవాళ్ల సంగతి. మన దగ్గర ఈ ప్రశ్న ఎక్కువగా రాకపోవడానికి కారణం, రెండో సిజేరియన్‌తోపాటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించుకోవడం. "ఎట్లాగూ కోస్తున్నరు, ట్యూబులు కూడా కట్టెయ్యండి" అంటారు. ఒకే మత్తు, ఒకే ఖర్చు, ఒకే విశ్రాంతి. ఇద్దరితో ఆగేవాళ్లకు అది సబబైన లెక్కే. మూడోసారి వచ్చేవాళ్లు వేరే దారిలో వస్తారు: బిడ్డ పోయినవాళ్లు, రెండో పెళ్లివాళ్లు, మగపిల్లాడి కోసం ఇంట్లో పోరు పడేవాళ్లు. రెండు గాట్ల మీద మామూలు కాన్పుకు ప్రయత్నిస్తే, పలు అధ్యయనాలను కలిపి 2010లో వేసిన లెక్కలో 71 శాతం మందికి కుదిరింది. గర్భసంచి పగిలింది 1.36 శాతం మందికి, అంటే సుమారు 70 మందిలో ఒకరికి. అసాధ్యం కాదు. కానీ అన్ని ఏర్పాట్లూ ఉన్న పెద్దాసుపత్రిలో, ఇలాంటివి చేసి అలవాటున్నవాళ్ల దగ్గరే. అలా అడిగి వచ్చినవాళ్లను నేను హైదరాబాద్‌కు పంపుతాను. మా దగ్గర చేయను.

అయితే మళ్లీ మళ్లీ కోయడం కూడా ఉచితం కాదు. రెండు సిజేరియన్లు అయిన ఒక కూలిపని ఆవిడ ఏడో నెలలో కొద్దిగా రక్తం కనిపించిందని వచ్చింది. నొప్పేమీ లేదు. స్కానింగ్‌లో మాయ కిందికి దిగి, సరిగ్గా పాత గాటు మీదే కూచుంది. గర్భసంచి గోడలోకి వేళ్లు దిగినట్టూ, మూత్రాశయం దాకా రక్తనాళాలు పాకినట్టూ కనిపించింది. మాయ ఇలా కిందికి ఉన్నప్పుడు గోడకు అతుక్కుపోయే అవకాశం రెండో సిజేరియన్ నాటికి 11 శాతం, మూడోదానికి 40 శాతం అని 2006లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం లెక్కకట్టింది. వెంటనే హైదరాబాద్ పంపాం. అక్కడ బిడ్డను తీసి, మాయను కదిలించకుండా గర్భసంచినే తొలగించారు. ఎన్నో సీసాల రక్తం ఎక్కించారు. ఆమె బతికింది. ఇంకో ఊళ్లో, ఆ స్కానింగ్ చేయకుండా "మూడో సిజేరియనే కదా" అని పొట్ట కోసి ఉంటే, మాయను లాగబోయిన క్షణమే ఆమె చేజారిపోయేది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు తోచేది ఒకటే. సిజేరియన్ తర్వాత మామూలు కాన్పా కాదా అన్న నిర్ణయంలో పెద్ద భాగం మొదటి కాన్పు రోజే అయిపోతుంది. ముహూర్తం కోసం, నొప్పులకు భయపడి, డాక్టరుకు తీరిక లేక, రేపు ఆదివారమని మొదటిసారి కోసిన కోత, ఆనాడు చిన్న విషయంగానే కనబడుతుంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ అనే మాట: "ఇప్పటికి బిడ్డ బయటపడితే చాలు, తర్వాతి సంగతి తర్వాత." తర్వాతి సంగతి రెండేళ్లకే వస్తుంది, పెరిగిన లెక్కలతో వస్తుంది. ఎదురుకాళ్లకో, గుండె పడిపోతేనో, తల దిగకపోతేనో చేసే మొదటి సిజేరియన్ ప్రాణదాతే. దాన్ని నేను తప్పుపట్టను, రోజూ చేస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నా దగ్గరికి మొదటి కాన్పుకు వచ్చి, కారణం లేకుండా ఆపరేషన్ కావాలనే వాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను: ఇంకెంతమంది పిల్లలను కనాలనుకుంటున్నారు? ఇద్దరంటే ఒక మాట, ముగ్గురంటే ఇంకో మాట. ఆ జవాబు విన్నాకే మిగతా మాటలు మొదలవుతాయి. చాలామంది భర్తలూ అత్తగార్లూ ఈ ప్రశ్న తమను ఎవరూ ఎప్పుడూ అడగలేదంటారు. మీ ఇంట్లో మొదటి కాన్పు దగ్గర పడుతుంటే, డాక్టరు అడిగేదాకా ఆగకండి. మీరే ఆ లెక్క ముందు పెట్టండి.